నరాల్లో సంకేతం వేగాన్ని మీరే కొలవండి

నాడీకణాల పాఠాన్ని నేను బోర్డు మీద బొమ్మతో మొదలుపెట్టను. ఓ ఇరవై మందిని గుండ్రంగా నేలమీద కూర్చోబెడతాను. స్టాప్‌వాచ్, కొలత టేపు ఉంటే చాలు.

ప్రతి ఒక్కరూ కుడిచేత్తో పక్కవాళ్ల చీలమండ పట్టుకుని కళ్లు మూసుకోవాలి. తెరిచి ఉంచితే పక్కచెయ్యి కదలడం చూసి ముందే నొక్కేస్తారు. మొదటి మనిషి వాచ్ మొదలుపెడుతూ పక్కవాళ్ల చీలమండ నొక్కాలి. తన చీలమండ మీద ఒత్తిడి తెలియగానే ప్రతి ఒక్కరూ అవతలివాళ్లది నొక్కాలి. చుట్టు పూర్తయ్యాక వాచ్ ఆపాలి. తర్వాత ఇదే ఆట, చీలమండ బదులు భుజం పట్టుకుని.

చీలమండ చుట్లన్నీ ముందు, భుజం చుట్లన్నీ తర్వాత పెట్టకండి. చేసేకొద్దీ చేయి తిరిగి వేగం పెరుగుతుంది, లెక్క తప్పుతుంది. ఒకటి విడిచి ఒకటి చేసి, రెండింటికీ సగటు తీయండి.

భుజం చుట్టుకే తక్కువ సమయం పడుతుంది. తేడా 0.5 సెకను అనుకుందాం. ఇరవై మందికి పంచితే ఒక్కొక్కరికి 0.025 సెకను. చీలమండ నుంచి భుజానికి సగటు దూరం 1.25 మీటర్లయితే, వేగం సెకనుకు 50 మీటర్లు. మెదడు ఆలోచించే సమయం, చెయ్యి బిగించే సమయం రెండు చుట్లలోనూ ఉన్నాయి కాబట్టి తీసివేతలో పోతాయి. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరాన్ని రెండు చోట్ల ప్రేరేపించి, ఇదే తీసివేతతో వేగం కనుక్కున్నాడు. నాకు ఈ ప్రయోగం అంత ఇష్టం కావడానికి కారణం అదే.

ఇక అసలు ప్రశ్న: కరెంటు తీగతో పోలిస్తే ఇంత నెమ్మదేమిటి? నరంలో విద్యుత్తు ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా పారదు. విశ్రాంతిలో కణం లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ, అంటే మైనస్ 70 ఉంటుంది. అది మైనస్ 55 దగ్గరికి రాగానే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుని, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. లోపలి వోల్టేజి ప్లస్‌లోకి మారుతుంది. వెంటనే పొటాషియం బయటికి పోయి పాత స్థితి తెస్తుంది. ఆ కుదుపు పక్క భాగాన్ని లేపుతుంది, అక్కడ మళ్లీ ఇదంతా జరగాలి. మైలీన్ అనే కొవ్వు తొడుగు ఉన్న నరంలో తొడుగు ఖాళీల దగ్గర మాత్రమే జరిగితే చాలు, అందుకే ఆ వేగం.

తొడుగు లేని నొప్పి నరాల్లో వేగం సెకనుకు సుమారు ఒక మీటరే. కాలివేలు గుమ్మానికి తగిలినప్పుడు తాకిడి ముందు, సలుపు కాస్త ఆగి తెలిసేది అందుకే.