సిస్టమ్ వేడెక్కి ఆగిపోతోందా? వేడి ఎంత వేగంగా ఎక్కుతోందో ముందు చూడండి

ఏప్రిల్, మే నెలల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ. సిస్టమ్ కాసేపు నడిచి టక్కున ఆగిపోతుంది, లేదంటే ఫ్యాన్ హోరు పెట్టి అన్నీ స్లో అయిపోతాయి. షాపుకు మోసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మొదటి మాట "పేస్టు మార్చాలి". అంటే ప్రాసెసర్‌కీ, దాని మీద కూర్చునే కూలర్‌కీ మధ్య వేడిని దాటించేందుకు రాసే థర్మల్ పేస్టు. నిజంగా మార్చాలో లేదో స్క్రూడ్రైవర్ పట్టకముందే తెలుసుకోవచ్చు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సర్ల పేజీ తెరవండి. ఏదైనా గేమ్ గానీ వీడియో ఎడిటింగ్ గానీ మొదలుపెట్టి సీపీయూ (ప్రాసెసర్) ఉష్ణోగ్రత గమనించండి. ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ చిప్‌లు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. ఏఎమ్‌డీ రైజెన్ 5000 సిరీస్‌కు మోడల్‌ని బట్టి 90 లేదా 95. హద్దు దగ్గరపడగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మీకు కనిపించే స్లో అదే. అప్పటికీ వేడి తగ్గకపోతే కరెంటు ఆపేసుకుంటుంది.

గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. జనవరిలో గది 24 డిగ్రీలున్నప్పుడు 70 చూపించిన సిస్టమ్, మేలో గది 36కి చేరితే 82 చూపిస్తుంది. అది రిపేరు కాదు, ఎండ.

సెకన్లలోనే హద్దు దగ్గరికి ఎక్కుతోంది

ప్రాసెసర్ వేడి హీట్‌సింక్‌కి (కూలర్‌లో ఫ్యాన్ కింద ఉండే లోహపు రేకుల దిమ్మకి) సరిగా చేరడం లేదు, లేదా అక్కడి నుంచి బయటికి పోవడం లేదు. ముందు సీపీయూ ఫ్యాన్ తిరుగుతోందో లేదో, ఏదైనా వైరు రెక్కలకు అడ్డుపడిందేమో చూడండి. ఫ్యాన్ బాగుంటే అనుమానించాల్సింది కూలర్ పట్టునే. ఇంటెల్ బాక్సులో వచ్చే కూలర్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి ఊడినా కూలర్ ఓ పక్కకి లేచిపోతుంది. బయట ఊరికి ఆటోలోనో బస్సులోనో తీసుకెళ్లిన సిస్టమ్‌లలో ముందు చూడాల్సింది ఇదే. ప్లగ్ తీసేసి, ఒక్కో మూల మెల్లగా కదిపి చూడండి, వదులైంది చేతికే తెలుస్తుంది.

ఊడినదాన్ని అలాగే నొక్కేయకండి. కూలర్ మొత్తం తీసి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి, ఎదురెదురు మూలల పిన్నులను జతగా టిక్కుమనేదాకా నొక్కండి. పేస్టు ఎండి పొడిలా రాలుతుంటే కూడా మందు ఇదే. కొత్త కూలరైతే అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. నవ్వులాటగా ఉంటుంది గానీ, దాన్ని మరిచిపోయేవాళ్లు ఉన్నారు. ఏఎమ్4 బోర్డున్నవాళ్లు (రైజెన్ 5000 లాంటి ప్రాసెసర్లు కూర్చునేది) కూలర్‌ని నిలువునా లాగొద్దు. కాసేపు నడిపి వేడెక్కాక ఆఫ్ చేసి, అటూ ఇటూ తిప్పుతూ తీయండి. లేకపోతే ప్రాసెసర్ దానికే అంటుకుని ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి.

పావుగంట, ఇరవై నిమిషాలకు మెల్లగా ఎక్కుతోంది

ఇక్కడ పేస్టు జోలికి పోకండి. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పని మళ్లీ ఇవ్వండి. వేడి పది డిగ్రీల దాకా తగ్గితే లోపలికి గాలి ఆడట్లేదన్నమాట. కంప్యూటర్ టేబుల్లో ఆ మూసుకుపోయిన అర నుంచి దాన్ని బయటికి తీసి, వెనక గోడకు జానెడు ఖాళీ వదలండి. ఫ్యాన్ల దగ్గర అగరబత్తి పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కనిపిస్తుంది: ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి పోవాలి. అన్ని ఫ్యాన్లూ బయటికే ఊదుతుంటే ముందుదాన్ని తిప్పి బిగించండి.

తలుపు తీసినా తగ్గకపోతే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము మెత్తలా పేరుకుని ఉంటుంది. వరండాలోకి తెచ్చి బ్లోయర్ పట్టండి, కానీ ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచండి. గాలికి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది.

పనేమీ చేయకపోయినా వేడి

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వరస చూడండి. తెలియని ప్రోగ్రామ్ ఏదైనా సగానికి పైగా తినేస్తుంటే, అందులోనూ పైరసీ సాఫ్ట్‌వేర్ వేసిన సిస్టమైతే, క్రిప్టో మైనర్ (మీ సిస్టమ్‌తో ఇంకెవరో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ సంపాదించుకునే ప్రోగ్రామ్) అయ్యుండొచ్చు. యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయండి.

సీపీయూ 65 దగ్గరే ఉంది, అయినా ఆగిపోతోంది

గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా మామూలుగానే ఉంటే ఎస్‌ఎమ్‌పీఎస్‌ని (సిస్టమ్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాని) అనుమానించండి. తెలిసినవాళ్ల దగ్గర మంచిదొకటి తెచ్చి మార్చి చూడటమే దీనికి పరీక్ష. దాని డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.