ఆటోమేటిక్ కారు మొరాయిస్తే ముందు ఏం చూడాలి?

బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ముప్పావుగంట పాకాక కారు వణకడం మొదలుపెడితే ఎవరికైనా టెన్షనే. అయినా "గేర్‌బాక్స్ దించాలి" అని గ్యారేజీలో అనగానే తలూపేయకండి. మీ కారు ఏఎంటీయా (మామూలు గేర్‌బాక్స్‌లోనే గేర్లు యంత్రం మార్చేది), డీసీటీయా (రెండు క్లచ్‌లది), సీవీటీయా (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలది), టార్క్ కన్వర్టరా (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా అందించేది) అన్నది ముందు తెలుసుకోండి. ఒకదాని వైద్యం ఇంకొకదానికి పనికిరాదు.

ట్రాఫిక్‌లో వణుకు, కాలిన వాసన, వేడి హెచ్చరిక

ఏఎంటీ, డీసీటీ కార్లలో క్లచ్ ఉంటుంది, మీ కాలికి బదులు యంత్రం దాన్ని నడుపుతుంది. బ్రేకు సగం వదిలి జానెడు జానెడు జరుపుతుంటే ఆ క్లచ్ పూర్తిగా పట్టుకోక, జారుతూ వేడెక్కుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేచోట యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టడం ఇంకా ప్రమాదం. ముందు రెండు కార్ల జాగా వచ్చాక ఒకేసారి కదలండి, ఆగితే బ్రేకు పూర్తిగా తొక్కండి. హెచ్చరిక వెలిగితే పక్కకు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, పార్క్‌లో (అది లేని ఏఎంటీలో న్యూట్రల్‌లో) చల్లారనివ్వండి. చల్లారాక కూడా వణికితే స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) క్లచ్‌ను మళ్లీ సెట్ చేయించి చూడాలి. క్లచ్ ప్లేటు మార్చడం ఆ తర్వాతి మాట.

డీ (డ్రైవ్) వేశాక ఆలస్యంగా కదలడం, మోత పెరిగినా వేగం పెరగకపోవడం

టార్క్ కన్వర్టర్, సీవీటీలలో మొదటి అనుమానం ఆయిల్ మీదే. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే మరక చూడండి. ఏసీ నీళ్లయితే భయం లేదు. జిడ్డుగా ఉంటే లీకు వెతికించాలి. టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్‌లో కొత్త ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటుంది. తెల్ల కాగితం మీద ఒక్క చుక్క వేస్తే నల్లగా, మాడు వాసనతో, మెరిసే రజనుతో కనిపించిందంటే లోపల అరుగుతోంది. చాలా కొత్త కార్లలో డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) ఉండదు, లెవెల్ వర్క్‌షాప్‌లోనే చూడాలి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోయనివ్వకండి, బెల్టు, పుల్లీలు పాడవుతాయి. డబ్బా మీద పేరు మీరే చదవండి.

పార్క్‌లోంచి లివర్ రాకపోవడం

మారతహళ్లిలో మా పక్కింటాయన కారుకి ఇదే జరిగింది. గ్యారేజీవాళ్లు గేర్‌బాక్స్ అన్నారు. "అన్నా, బ్రేకు తొక్కు" అని నేను వెనక నిలబడి చూస్తే బ్రేకు లైట్లు వెలగలేదు! పెడల్ పైనుండే చిన్న స్విచ్ పోయింది. దాన్నుంచి సంకేతం అందకపోతే లివర్ తాళం విడవదు. స్విచ్ మార్చగానే సరిపోయింది. అర్జెంటయితే చాలా కార్లలో లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు తొక్కి, ఆ రంధ్రంలో నొక్కితే లివర్ కదులుతుంది.

ఒకే గేరులో ఇరుక్కోవడం

ఏదో లోపం పసిగట్టి బండి తనను తాను కాపాడుకుంటోందన్నమాట. బ్యాటరీ చూసి, స్కానర్‌లో కోడ్ (లోపాన్ని తెలిపే సంకేతం) చదివించండి. కోడ్ చూపించకుండా రేటు చెప్పేవారిని నమ్మకండి.

వాన నీళ్లలో నడిపాక

2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ మునిగినట్టు నీళ్లు నిలిచినప్పుడు గేర్‌బాక్స్ గాలిగొట్టం గుండా నీరు చేరవచ్చు. ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీ రంగుకు తిరిగితే ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. తాడు కట్టి లాగించకుండా, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవండి.