అబిజాన్‌లో చవక హోటల్లో దిగేటప్పుడు: పిక్కల సీజనుకు వెళ్ళే మనవాళ్ళకు

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి పలాస, కాశీబుగ్గ నుంచి కొంతమంది ఆఫ్రికా విమానం ఎక్కుతారు. ఉద్దానం జీడిపిక్కలు మన ఫ్యాక్టరీలకు చాలవు, దానికి తోడు 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి జీడితోటల్ని పడుకోబెట్టేసింది, అందుకే ఐవరీ కోస్ట్, ఘనా లాంటి చోట్ల నుంచి పిక్కలు తెప్పించుకుంటున్నాం. అక్కడ సరుకు చూసి, కటింగ్ చేసి (అంటే శాంపిల్ పిక్కలు కోసి లోపలి పప్పు ఎలా ఉందో చూసి), కంటైనర్‌కి సీలు వేసేదాకా దగ్గరుండడానికి ఒక మనిషి కావాలి. అలా నేను నాలుగు సీజన్లు ఐవరీ కోస్ట్‌లోని పెద్ద ఊరు అబిజాన్ వెళ్ళాను. షావుకార్లు వెళ్తే పెద్ద హోటళ్ళలో దిగుతారు. మనకు ఇచ్చే రోజు ఖర్చులోనే గది, తిండి, టాక్సీ అన్నీ గడవాలి. ఈసారి మా వీధి కుర్రాడు మొదటిసారి వెళ్తూ "అన్నా, అక్కడ ఏటేటి చూసుకోవాల" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని. ఎల్లో ఫీవర్ టీకా లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు. మనకు దగ్గరలో విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు, ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని వెళ్ళండి. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి టికెట్ చేతికొచ్చాక పరిగెత్తితే కుదరదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది, 2016 నుంచి ఆ రూలు వచ్చింది. ఆ సర్టిఫికెట్, అంటే పసుపు కార్డు, తిరుగు ప్రయాణంలో కూడా పాస్‌పోర్టుతో పాటే ఉండాలి, అది లేకుండా అక్కడి నుంచి మన ఎయిర్‌పోర్టులో దిగితే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

డబ్బు సంగతి. అక్కడ నడిచేది సీఎఫ్‌ఏ ఫ్రాంకు. దాని విలువను యూరోకి కట్టేశారు, 1 యూరోకి 655.957 ఫ్రాంకులు, అది రోజూ మారదు. అందుకే డాలర్ల కంటే యూరోలు పట్టుకెళ్ళడం మేలని నా అభిప్రాయం, మార్చేటప్పుడు లెక్క మన చేతిలో ఉంటుంది. రూపాయి అక్కడ పనికిరాదు. మార్చుకున్నాక 10,000 నోట్లే ఇస్తే ఒప్పుకోకండి, కొన్నైనా 1,000, 500 నోట్లు అడిగి తీసుకోండి. టాక్సీ అతను, టిఫిన్ అమ్మే ఆవిడ, హోటల్ కుర్రాడు, అందరూ "మొనే" అంటారు, అంటే చిల్లర. చిల్లర లేకపోతే పొద్దున్నే పని ఆగిపోతుంది.

ఇక హోటల్. మొదటి సీజన్లో నేను చేసిన తప్పు, ఫోటోలు చూసి ఆరు రాత్రులకి ముందే డబ్బు కట్టేయడం. అర్ధరాత్రి దిగాను. తీరా చూస్తే అది గంటల లెక్కన గదులిచ్చే చోటు, అక్కడ దాన్ని "పసాజ్" అంటారు. రాత్రంతా తలుపులు కొట్టుకోవడం, మనుషులు వచ్చి పోవడం. నా గది గడియ ఊడి ఉంది. సూట్‌కేసు తలుపుకి అడ్డంగా పెట్టి, పాస్‌పోర్టు చొక్కా లోపల పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అందుకే చెప్తున్నాను, ముందుగా బుక్ చేసేది ఒక్క మొదటి రాత్రికే. ఆ ఒక్క రాత్రికి కాస్త ఎక్కువైనా పరవాలేదు, ఎయిర్‌పోర్టు వైపే ఉండేలా చూసుకోండి. మిగతా రోజులకి మర్నాడు పగటి వెలుగులో కళ్ళతో చూసి గది తీసుకోండి.

అబిజాన్ ఊరంతా సముద్రానికి ఆనుకున్న పెద్ద ఉప్పునీటి సరస్సు చుట్టూ ఉంటుంది, మధ్యలో వంతెనలు. ఎయిర్‌పోర్టు దక్షిణాన పోర్ట్-బువేలో, దాని నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలోనే మార్కోరీ, ట్రెష్‌విల్ పేటలు. ఓడరేవు కూడా ఈ వైపే, కాబట్టి కంటైనర్ పనిమీద వెళ్ళే వాళ్ళకి ట్రెష్‌విల్, మార్కోరీ సుఖం, రోజూ వంతెన మీద ట్రాఫిక్‌లో రెండు పూటలా చిక్కుకోనక్కర్లేదు. బువాకే, కోరోగో వైపు తోటల ఊళ్ళకి బస్సు పట్టాలంటే అజామే దగ్గర, కానీ అజామే మన కాశీబుగ్గ సంతరోజు కంటే పది రెట్ల రద్దీ, జేబులు జాగ్రత్త. బస్సు తెల్లవారుజామున అయితే ముందు రాత్రి అక్కడ పడుకోండి, అంతకుమించి వద్దు. కొకోడీ బావుంటుంది, మన ఎంబసీ అక్కడే, కానీ ఆ రేట్లు మనవి కావు.

హోటల్‌కి వెళ్ళి అడిగేటప్పుడు ముందు "బోన్‌జూర్" అనండి. ఇది తేలిగ్గా తీసుకోకండి. పలకరించకుండా నేరుగా రేటు అడిగితే వాళ్ళకి అమర్యాద. పెద్దావిడ ఉంటే "తాంతీ", పెద్దాయన అయితే "తోంతోన్", మనం పిన్ని, బాబాయ్ అన్నట్టే. ఆ ఒక్క మాటతో ముఖం మారిపోతుంది, ఇది నేను నాలుగేళ్ళూ చూశాను. తర్వాత "సే కోంబియా లా న్వీ" అంటే రాత్రికి ఎంత అని. వాళ్ళు తిరిగి "వాంటిలే? క్లిమటిజే?" అంటారు. మొదటిది ఫ్యాన్ గది, రెండోది ఏసీ. కొన్ని చోట్ల గది ఒకటే, ఏసీ రిమోట్ ఇస్తే ఒక రేటు, ఇవ్వకపోతే ఇంకో రేటు. నేను వెళ్ళినప్పుడు ఫ్యాన్ గదులు 10,000 ఫ్రాంకుల దగ్గర, ఏసీవి 15,000 నుంచి 20,000 దాకా ఇచ్చారు. సముద్రం పక్క ఊరు, మార్చి, ఏప్రిల్‌లో ఉక్క మన కళింగపట్నం ఎండాకాలంలాగే ఉంటుంది, అది మనకి అలవాటే కాబట్టి వారం దాటి ఉండేవాళ్ళు ఫ్యాన్ గది తీసుకుని మిగిలింది తిండికి పెట్టుకోవచ్చు. అయితే కిటికీకి దోమల జాలి బాగుంటేనే. జాలి చిరిగి ఉంటే కిటికీ మూసుకుని ఏసీలో పడుకోవడమే మంచిది.

డబ్బు ఇచ్చే ముందు గది చూపించమనండి. కాదంటే వచ్చేయండి, పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. చూసేటప్పుడు సిగ్గుపడకండి. తలుపు లోపలి నుంచి గడియ వేసి తీసి చూడండి, తాళం రెండు సార్లు తిప్పండి. కుళాయి తిప్పి నిమిషం ఆగండి, మొదట వచ్చి తర్వాత సన్నగా అయిపోయే కుళాయిలు చాలా ఉంటాయి, పై అంతస్తుల్లో మరీను. బాత్రూంలో బకెట్ ఉందో లేదో చూడండి, లేకపోతే "అన్ సో" అని అడగండి, బకెట్‌ని వాళ్ళు అలాగే అంటారు, ఇస్తారు. నీళ్ళు వచ్చినప్పుడే ఆ బకెట్ నింపి పెట్టుకోండి. మగ్గు మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్ళండి, లేదా అక్కడి బజారులో ముక్కున్న ప్లాస్టిక్ కెటిళ్ళు దొరుకుతాయి, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి వాడతారు, మనకి భలే పనికొస్తాయి. దుప్పటి ఎత్తి పరుపు అంచు కుట్టు దగ్గర చూడండి, నల్లి ఉంటే అక్కడే చిన్న చిన్న నల్ల మచ్చలు కనిపిస్తాయి. పరుపు మీద మచ్చలుంటే గది ఎంత చవకైనా వద్దు, ఆ నల్లి మీ పెట్టెలో కూర్చుని పలాస దాకా వస్తుంది.

కరెంటు దాదాపు మనలాగే, 220 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి మన చార్జర్లు, చిన్న రైస్ కుక్కర్ అన్నీ పనిచేస్తాయి. ప్లగ్గు దగ్గరే తేడా. సాకెట్ గుండ్రంగా లోపలికి ఉండి రెండు రంధ్రాలు, మధ్యలో ఒక పుల్ల బయటికి పొడుచుకుని ఉంటుంది. మన సన్న రెండు పిన్నుల ఫోన్ చార్జర్ దూరుతుంది, కుక్కర్ మూడు పిన్నుల ప్లగ్గు దూరదు. ఒక అడాప్టర్, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకోండి. కరెంటు పోతే జనరేటర్ ఉందా అని ముందే అడగండి, దాన్ని "గ్రూప్" అంటారు. కుక్కర్ పెట్టుకుంటానని మాత్రం హోటల్ వాళ్ళకి చెప్పి పెట్టుకోండి. దొంగచాటుగా పెట్టి వైరు కాలితే మనవాళ్ళందరికీ చెడ్డ పేరు.

శుక్ర, శనివారాలు ఇంకో ఇబ్బంది. వీధి పక్క భోజనశాలల్ని "మాకీ" అంటారు, అక్కడ పాటలు రాత్రి బాగా పొద్దుపోయేదాకా మోగుతాయి. నేను వాళ్ళని తప్పు పట్టను, వారమంతా కష్టపడిన మనుషులు. రోడ్డు వైపు గది కాకుండా వెనక వైపు అడగండి, అంతే.

ఆ మాకీల్లోనే మన తిండి దొరుకుతుంది, దీనికి భయపడే చాలామంది బిస్కెట్ల మీద బతికి నీరసపడి వస్తారు. అన్నం వాళ్ళకీ ముఖ్యమే, "రి" అంటే అన్నం. దాని మీద వేరుశెనగ పులుసు, పామ్ గింజల పులుసు, బెండకాయ పులుసు వేస్తారు. బెండకాయని "గోంబో" అంటారు, బాగా జిగురుగా వండుతారు. కర్రపెండలం తురిమి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికించే "అచ్చెకే" చూడ్డానికి మన ఉప్మా రవ్వలా పొడిపొడిగా ఉంటుంది, కాల్చిన చేప, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటే ఉద్దానం మనిషికి ఏ లోటూ ఉండదు. అరటిపండు ముక్కలు వేయించినది "అలోకో", సాయంత్రం పూట బాగుంటుంది. మాంసం, చేప తినని వాళ్ళు "సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్" అని రెండూ చెప్పాలి, ఒకటి చెప్తే రెండోది వేస్తారు, పులుసులో ఎండుచేప పొడి కూడా ఉంటుంది కాబట్టి వాళ్ళకి అలోకో, గుడ్డు, అన్నం, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి సురక్షితం. పచ్చళ్ళు, పొడులు చెకిన్ పెట్టెలో, రెండు కవర్లలో చుట్టి పెట్టండి.

నీళ్ళ గురించి ఉద్దానం వాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ కిడ్నీల బాధ మన ఇళ్ళల్లోనే చూశాం. సీలున్న లీటరున్నర బాటిళ్ళు కొని గదిలో పెట్టుకోండి, పళ్ళు తోముకోవడానికి కూడా అవే. ఎండలో గోడౌన్లో తిరిగి వచ్చి నీళ్ళు తాగకుండా పడుకోకండి.

గోడౌన్ అంటే గుర్తొచ్చింది, శాంపిల్ పిక్కలు గదికి తెచ్చి కటింగ్ చేయకండి. పిక్క పెంకులోంచి కారే జీడి నూనె దుప్పటికి అంటితే వదలదు, పరుపు డబ్బులు మన దగ్గరే వసూలు చేస్తారు, చేతికి అంటి మర్చిపోయి కళ్ళు నులుముకుంటే రెండు రోజులు పని లేనట్టే. కటింగ్ గోడౌన్లోనే ముగించి, చేతులకి మామూలు నూనె రాసి తుడుచుకుని సబ్బుతో కడుక్కుని రండి.

రిసెప్షన్‌లో ఒక ఫారం నింపిస్తారు, పాస్‌పోర్టు చూపించండి, నంబరు రాసుకోనివ్వండి, తిరిగి తీసుకోండి. రాత్రికి వాళ్ళ దగ్గర వదలకండి. బయటికి వెళ్ళేటప్పుడు పోలీసులు ఆపి అడుగుతారు, పాస్‌పోర్టు, వీసా, పసుపు కార్డు మూడింటి జిరాక్సులు జేబులో ఉండాలి. ఏ రోజు కట్టిన డబ్బుకి ఆ రోజు "రెస్యూ", అంటే రసీదు తీసుకోండి. ఒకసారి నేను తీసుకోలేదు, డ్యూటీ మారిన కొత్త మనిషి ఇంకోసారి కట్టమన్నాడు, నా దగ్గర కాగితం లేదు, కట్టాను. ఆరెంజ్, ఎంటీఎన్ సిమ్ ఏదైనా పాస్‌పోర్టు మీద ఇస్తారు, సిమ్ వచ్చాక వేవ్ లాంటి ఫోన్ డబ్బు పెట్టుకుంటే హోటల్ బిల్లు కూడా దాన్లోనే కట్టొచ్చు, జేబులో కట్టలు మోయక్కర్లేదు. టాక్సీకి యాంగో యాప్ పెట్టుకోండి, రేటు ముందే కనిపిస్తుంది, భాష రాకపోయినా గొడవ ఉండదు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు అక్కడి టైము మన టైము కంటే అయిదున్నర గంటలు వెనక అని గుర్తుంచుకోండి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తే ఇక్కడ తెల్లవారుజామున మూడు, ఇంట్లో వాళ్ళు ఉలిక్కిపడతారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. దోమ. అక్కడి మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, సీతంపేట ఏజెన్సీలో మన డాక్టర్లు భయపడేది దానికే. ఆ దోమ సాయంత్రం చీకటి పడ్డాక నుంచి తెల్లారేదాకా కుడుతుంది, అంటే మనం హోటల్లో ఉండే టైమే. అందుకే ఇంటి నుంచి ఒక మనిషి దోమతెర, నాలుగు మేకులు, తాడు పట్టుకెళ్ళండి. అక్కడ అడగాలంటే "మూస్తికేర్". తెర అంచులు పరుపు కిందికి దోపండి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. వెళ్ళేముందు డాక్టర్‌ని కలిసి మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు రాయించుకోండి, పాత క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. ఆ మాత్రలు తిరిగి వచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి, ఒక రకం 7 రోజులు, ఇంకో రకం 4 వారాలు, మనవాళ్ళు ఇంటికి రాగానే మానేసేది ఇక్కడే.

నేనూ మానేశాను. మేలో ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున జ్వరం. ఎండల రోజులు, అందరూ వడదెబ్బ అన్నారు. దగ్గర్లో చూపించుకుంటే జ్వరం మాత్రలిచ్చారు, ఎక్కడి నుంచి వచ్చానో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. మూడో రోజు రాత్రి వణుకుతో మంచం ఊగిపోయింది, మా అమ్మ రెండు రగ్గులు కప్పి పైన తను పడుకుంది. తెల్లవారి శ్రీకాకుళం తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తే ఫాల్సిపారం. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను.

కాబట్టి తిరిగొచ్చాక కనీసం మూడు నెలలపాటు ఏ జ్వరం వచ్చినా, ఒక్క రోజు జ్వరమైనా, ఆసుపత్రిలో అడుగు పెడుతూనే "ఆఫ్రికా నుంచి వచ్చాను, మలేరియా రక్తపరీక్ష చేయండి" అని మీరే చెప్పండి. మీకు స్పృహ లేకపోతే చెప్పడానికి ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ మాట నేర్పి ఉంచండి. మా వీధి కుర్రాడి విషయంలో వాళ్ళ అమ్మకి నేనే వెళ్ళి చెప్పి వచ్చాను, ఆవిడ క్యాలెండర్ మీద రాసుకుంది.