తెలుగువాళ్లు ఆగి చదివే, నమ్మి కొనే వెబ్‌సైట్ ఎలా తయారు చేయాలి?

వెబ్‌సైట్ డిజైన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రంగులు, కదిలే బొమ్మలు, పెద్ద పెద్ద బ్యానర్లు. నేను మాత్రం సైటును ఒకే లెక్కన చూస్తాను. వచ్చిన మనిషి ఏ ప్రశ్నతో వచ్చాడు, దానికి జవాబు ఎంత తొందరగా దొరికింది? అందం కూడా ఆ పనికి సాయపడాల్సిందే.

ఉత్త సూత్రాలు చెప్పుకుంటే మనసుకెక్కవు కాబట్టి ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఒక చేనేత సహకార సంఘం తన చీరలు నేరుగా అమ్ముకోవడానికి తెలుగులో సైటు పెట్టుకుంటోంది అనుకోండి. పోచంపల్లి కావచ్చు, గద్వాల కావచ్చు, ఉప్పాడ కావచ్చు. మీది పచ్చళ్ల వ్యాపారమైనా, ట్యూషన్ సెంటరైనా, ఊరి గ్రంథాలయమైనా పని జరిగే వరస దాదాపు ఇదే.

1. ముందు ప్రశ్నలు, తర్వాతే డిజైన్

కంప్యూటర్ తెరవకముందే సంఘంలో ఫోన్ ఎత్తే మనిషి పక్కన కూర్చోండి. రోజూ జనం ఏం అడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "ఇది ప్యూర్ పట్టేనా అండీ?" "జాకెట్టు ముక్క దీంట్లోనే వస్తుందా?" "ఉతికితే రంగు దిగదు కదా?" "ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?" "అమెరికాకి పంపుతారా?" మీ సైటులో ఏ పేజీలు ఉండాలో, ఏ శీర్షికలు పెట్టాలో ఈ కాగితమే చెబుతుంది. "మా గురించి", "మా లక్ష్యం", "మా దార్శనికత" అని మొదలుపెట్టే సైట్లు ఈ కాగితం రాసుకోలేదని చూడగానే తెలిసిపోతుంది.

అడిగేవాళ్లు ఎవరో కూడా పక్కన రాయండి. విజయవాడలో బస్సులో కూర్చుని ఒంటి చేత్తో ఫోన్ చూసుకునే ఆమె ఒకరు. డాలస్‌లో ఉంటూ, చెల్లెలి పెళ్లికి పెట్టుబడి చీరలు కావాల్సిన ఆమె ఇంకొకరు. మొదటామెకు ధర, ఫొటో, వాట్సాప్ బటన్ ఉంటే చాలు. రెండో ఆమె చూసేసరికి ఇక్కడ అర్ధరాత్రి, ఫోన్ ఎత్తేవాళ్లుండరు. కాబట్టి ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఒకే రకంవి ఎన్ని ఇవ్వగలరు, కస్టమ్స్ సుంకం ఎవరు కట్టుకోవాలి అన్నవన్నీ పేజీలోనే రాసి ఉండాలి.

2. మొదటి తెర

సైటు తెరవగానే, వేలు కదపకముందు కనిపించే భాగం ఇది. ఇక్కడ కార్యవర్గం ఫొటోలు, "స్వాగతం సుస్వాగతం", వాటంతటవే జరిగిపోయే బ్యానర్లు వద్దు. ఒక బ్యానర్ చదువుతుండగానే ఇంకోటి రావడం చదివేవాళ్లకు చిరాకు. ఏం అమ్ముతున్నారు, ఎక్కడ నేస్తారు, ధర ఎంత నుంచి మొదలవుతుంది, తర్వాత ఎక్కడ నొక్కాలి అన్న నాలుగూ ఉంటే సరిపోతుంది. ఇలా రాయవచ్చు: "పోచంపల్లిలో మా సంఘం సభ్యులు మగ్గం మీద నేసిన ఇక్కత్ చీరలు. నూలువి 3,000 నుంచి, పట్టువి 9,000 నుంచి." దాని కింద ఒక మంచి ఫొటో, "చీరలు చూడండి" అనే బటన్.

3. తెలుగు అక్షరానికి చోటివ్వండి

తెలుగు సైట్లు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. మార్కెట్లో దొరికే తయారు టెంప్లేట్లు ఇంగ్లీష్ అక్షరాల కొలతలతో చేసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు మీద వత్తు. "వస్త్రం", "రాష్ట్రం", "లక్ష్మి" అనే మూడు మాటలు మీ టెంప్లేట్‌లో టైపు చేసి చూడండి. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటే వరుసల మధ్య దూరం చాలదు. అక్షరం సైజుకు 1.7 రెట్లు ఇచ్చి చూసి, అక్కణ్నుంచి సరిచేసుకోండి. వచనం 17, 18 పిక్సెళ్లకు తగ్గకుండా ఉంటే పెద్దవాళ్లు కూడా ఫోన్ దూరంగా పట్టుకోకుండా చదవగలరు. బటన్‌కు ఎత్తు గట్టిగా బిగించేస్తే "వస్త్రాలు" కింద వత్తులు తెగిపోతాయి. అక్షరాన్ని బట్టి ఎత్తు పెరిగేలా వదిలేయండి.

ఫాంట్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మల ఎలాగూ ఉంటాయి. వచనానికి వాటినే వాడుకుంటే ఒక్క ఫైలు కూడా దిగాల్సిన పని లేదు, పేజీ చటుక్కున వస్తుంది. శీర్షికలకు సొగసు కావాలంటే రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. గుణింతాలు, వత్తుల రూపాలు వందల్లో ఉంటాయి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైలు బరువు ఎక్కువ. ఒకటి చాలు, మహా అయితే రెండు. ఆ ఫైలు వచ్చేదాకా ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తోనే అక్షరాలు కనిపించేలా పెట్టమని మీ డెవలపర్‌కు చెప్పండి. లేకపోతే సిగ్నల్ సరిగ్గా లేని చోట తెర ఖాళీగా ఉండిపోతుంది.

ఇటాలిక్ వాడకండి. తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు విడిగా గీసినవి దాదాపు ఉండవు. బ్రౌజర్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచేస్తుంది, చూడ్డానికి బాగోదు. ఫాంట్‌లో బోల్డ్ రూపం లేకపోతే అదీ అంతే, గీతలు ఉబ్బి "భ"లో ఒత్తు పూడుకుపోతుంది. తెల్లటి నేల మీద లేత బూడిద రంగు సన్నటి అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. మనకు "ద"కూ "ధ"కూ తేడా ఒక చిన్న గీతే. ఆ గీత కనిపించకపోతే మాటే మారిపోతుంది. సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. ఈ లెక్క చూపించే ఉచిత పరికరాలు నెట్‌లో చాలా ఉన్నాయి.

ఇంకో రెండు విషయాలు. సంఘం దగ్గర పాత కరపత్రాలు ఉంటాయి, వాటిని డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు. ఆ ఫైలు తెచ్చి సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి మొత్తం చదివి, అప్పుడు పెట్టండి. ఆ మార్పిడిలో కొన్ని వత్తులు తారుమారవడం మామూలే. రెండోది, "వెబ్‌సైట్", "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు (ZWNJ) పెట్టకపోతే అవి "వెబ్సైట్", "ఫేస్బుక్" అయిపోతాయి. అలా వదిలేసిన పేజీ ఎవరూ సరిచూడని పేజీలా కనిపిస్తుంది.

4. ఫొటో మాట్లాడాలి

దుకాణంలో చీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? మడత విప్పిస్తాం, కొంగు పరిపిస్తాం, అంచు పట్టుకు చూస్తాం, తిరగేసి చూస్తాం, వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూస్తాం. చీర పేజీలో ఫొటోల వరస సరిగ్గా అదే. మొత్తం చీర ఒకటి, కొంగు ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, వెనుక వైపు ఒకటి, కట్టుకున్న మనిషి మీద ఒకటి.

వెనుక వైపు ఫొటోను చాలామంది పెట్టరు. ఇక్కత్‌కు అదే పెద్ద సాక్ష్యం. నేయకముందే దారాన్ని ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, అంచుల్లో సన్నగా చెదిరినట్టు ఉంటుంది. ఇక్కత్ పేరుతో ప్రింటు వేసి అమ్మే బట్టకు వెనుక సాధారణంగా రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ముందూ వెనకా ఫొటోలు పక్కపక్కన పెట్టి, కింద ఈ రెండు వాక్యాలు రాస్తే చాలు. చూసే ఆమెకు కొత్త విషయం తెలుస్తుంది, మీ మీద నమ్మకం కుదురుతుంది, పక్కింటావిడకు పంపుతుంది కూడా. సైటులో జనం ఎక్కువసేపు ఉండాలంటే ఏం చేయాలని అడుగుతుంటారు. ఇలాంటివి చేయాలి. గద్వాల చీరైతే నూలు ఒడలుకు పట్టు అంచు ఎక్కడ కలిసిందో ఆ జోడింపును దగ్గరగా తీయండి.

ఫొటోలు పగటి వెలుతురులో, నీడపట్టున తీయండి. ట్యూబ్‌లైట్ కింద నెమలికంఠం రంగు ఇంకోలా పడుతుంది. రంగు పేరు మాటల్లోనూ రాయండి: చిలకపచ్చ, వంకాయ రంగు, మామిడిపండు పసుపు. ఒక్కో ఫోన్ తెర ఒక్కోలా చూపిస్తుంది కాబట్టి ఈ మాటలే ఎక్కువ ఆసరా.

5. వేగం

ఫోన్‌తో తీసిన ఫొటో 4 ఎంబీ ఉందనుకుందాం. 20 చీరల ఫొటోలు అలాగే ఎక్కిస్తే పేజీ 80 ఎంబీ. రోజుకింత అని డేటా చూసి వాడుకునేవాళ్లకు అది అన్యాయం. వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలోకి మారిస్తే ఒక్కోటి చాలావరకు 200 కేబీ లోపే ఉంటుంది, నేత కూడా స్పష్టంగానే కనిపిస్తుంది. కింద ఉన్న ఫొటోలు అక్కడిదాకా వచ్చినప్పుడే దిగేలా పెట్టండి.

గూగుల్ పెట్టిన కొలతలు మూడు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, చదువుతుండగా అక్షరాలు, బొమ్మలు జరిగిపోయే లెక్క 0.1 దాటకూడదు. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. "కొనండి" నొక్కబోతుంటే పైన ఫొటో లోడై బటన్ కిందికి జారి, వేలు ఇంకోదాని మీద పడితే ఎవరికైనా కోపం వస్తుంది. ప్రతి ఫొటోకూ పొడవు వెడల్పులు ముందే కోడ్‌లో రాస్తే ఇది చాలావరకు ఆగుతుంది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ ఉచిత సేవలో మీ సైటు చిరునామా ఇస్తే ఎక్కడ ఆలస్యమవుతోందో చెబుతుంది.

6. వెతకడం, నొక్కడం

మెనూలో ఐదారు మాటలు మించనివ్వకండి, అవి జనం వాడే మాటలై ఉండాలి. "ఉత్పత్తులు" అనే బదులు "చీరలు" అనండి. "సంప్రదింపులు" అనే బదులు "ఫోన్ చేయండి" అనండి. వెతికే చోట "పట్టు చీర" అని తెలుగులో కొట్టినా, అదే మాట ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టినా ఫలితం రావాలి. ఫోన్‌లో ఇంగ్లీష్ కీబోర్డు మీదే తెలుగు రాసేవాళ్లు మనలో చాలామంది. ధర, రంగు, నూలు లేక పట్టు అని మూడు రకాలుగా వడపోసుకునే వీలుంటే చాలు.

బటన్లు బొటనవేలికి అందేంత పెద్దవిగా, తెర కింది సగంలో ఉండాలి. కనీసం 48 పిక్సెళ్ల ఎత్తు మంచి కొలత. ఫోన్ నంబరును ఫొటోలో పెట్టకండి. నొక్కితే కాల్ వెళ్లేలా, వాట్సాప్ తెరుచుకునేలా లింక్ ఇవ్వండి. ఫారంలో పేరు, నంబరు, పిన్‌కోడ్‌తో సహా చిరునామా అడగండి. పుట్టిన తేదీతో మీకేం పని?

7. దాపరికం వద్దు

చీర ధర ఒకటి చూపించి, చివర్లో ప్యాకింగ్, రవాణా అని కలుపుతూ పోతే కొనేవాళ్లు అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. మొదటి పేజీలోనే మొత్తం చెప్పండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న, కొనేవాళ్లను మభ్యపెట్టే డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో వేయడం, ధరను విడతలుగా బయటపెట్టడం లాంటి 13 రకాల ఎత్తుగడలు అందులో ఉన్నాయి. "ఒక్కటే మిగిలింది" అని అబద్ధం రాయడం ఆ కోవలోదే. మగ్గం మీది చీర నిజంగానే ఒక్కటే ఉంటే మాత్రం నిస్సంకోచంగా రాయండి. అమ్ముడైపోగానే తీసేయకుండా "అమ్ముడైంది, ఇలాంటిది నేయడానికి ఇన్ని రోజులు" అని పెట్టండి. అలా చూసి ఆర్డరిచ్చేవాళ్లుంటారు.

వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో, దారి ఖర్చు ఎవరిది అన్నది ముందే స్పష్టంగా రాయాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో పేరు, నంబరుతో ఉండాలి. సంఘం చిరునామా, పట్టుకు అసలుదని తెలిపే సిల్క్ మార్క్ ఉంటే ఆ సంగతి కూడా.

8. చూపు లేనివాళ్లకూ అందాలి

కోడ్‌లో ఈ పేజీ భాష తెలుగు అని ప్రకటించాలి, ఒక చిన్న గుర్తు అంతే. అది లేకపోతే టాక్‌బ్యాక్ లాంటి చదివి వినిపించే సాధనాలు తెలుగును ఇంగ్లీష్ గొంతుతో చదవబోయి తడబడే ప్రమాదం ఉంది. ప్రతి ఫొటోకూ తెలుగు వివరణ రాయండి. "చీర 14" అంటే ఎవరికి ఉపయోగం? "ఎరుపు ఒడలు, నలుపు అంచు, కొంగులో ఏనుగుల వరస" అని రాయండి. ధరలు, వివరాలు బొమ్మలో టైపు చేసి పెడితే ఈ సాధనాలు వాటిని సరిగ్గా చదవలేవు, గూగుల్‌లోనూ సరిగ్గా దొరకవు.

9. ఐదుగురి చేతికివ్వండి

సైటు నలుగురికీ తెలియజేయకముందు ఐదుగురితో వాడించి చూడండి. ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో చాలావరకు బయటపడతాయని సైట్ల వాడకం మీద పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ లెక్క చిన్న సంఘాలకు అందుబాటులో ఉండే లెక్క. వాళ్లలో మీ సైటు ఎన్నడూ చూడనివాళ్లు, ఒక పెద్దావిడ, తక్కువ ధర ఫోన్ వాడేవాళ్లు ఒకరైనా ఉండాలి. "సైటు ఎలా ఉంది?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. పని అప్పజెప్పండి. "అమ్మా, ఐదు వేల లోపు ఆకుపచ్చ చీర ఒకటి చూసి, అది మీ ఊరికి ఎన్ని రోజుల్లో వస్తుందో చెప్పండి." ఆ తర్వాత నోరు విప్పకండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కెళ్లారు, ఏ మాట దగ్గర రెండోసారి చదివారు అన్నది రాసుకోండి. సాయం చేయాలనిపించిన ప్రతి చోటా సైటులో మార్చాల్సింది ఏదో ఉందని లెక్క.

ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగితే దాన్ని వెంటనే మార్చి, ఇంకో ఐదుగురికి ఇవ్వండి. సైటు తెరిచాక కూడా ఫోన్ దగ్గర ఆ కాగితం అలాగే ఉంచండి. పేజీలో జవాబు ఉండి కూడా జనం ఫోన్ చేసి అదే అడుగుతున్నారంటే ఆ జవాబు వాళ్లకు కనిపించడం లేదు. దాన్ని ఇంకాస్త పైకి తీసుకురండి.