మన మిరప, మన విత్తనం – 3వ పాఠం: పూత చూసి రకం పట్టడం, గింజ కట్టడం

కిందటి పాఠంలో నారు నాటడం వరకు వచ్చాం. ఈపాటికి మీ మొక్కలు పూతకు వచ్చి ఉంటాయి. విత్తనం పని మొదలుపెట్టాల్సింది ఇప్పుడే. చాలామంది కాయలు ఎర్రబడ్డాక వాటిలో మంచివి ఏరి గింజ తీసి దాచుకుంటారు. మిరపకు అది చాలదు. కాయ తోలు, పొడవు, రంగు అన్నీ తల్లి మొక్కవే. పక్క మడిలోని రకం పుప్పొడి పడి గింజ కలిసిపోయినా ఈ ఏడు కాయలో ఏ తేడా కనిపించదు. ఆ గింజ మొలిచి, వచ్చే ఏడు కాయ కాసినప్పుడు గానీ సంగతి బయటపడదు. అప్పటికి ఒక పంటకాలం పోయినట్టే.

మిరప తన పుప్పొడితో తానే కాయ కట్టుకోగలదు. కానీ తేనెటీగలు తిరిగే చోట రకాలు కలిసిపోవడం మామూలే. అందుకే ధ్రువీకరించిన విత్తనం పండించే చేలకు వేరే రకం 200 మీటర్ల దూరంలో ఉండాలని, దానికి మూలంగా వాడే ఫౌండేషన్ విత్తనానికైతే 400 మీటర్లు ఉండాలని నిబంధన పెట్టారు.

ముందు జాతి చూద్దాం. పొద్దున విచ్చిన పువ్వును వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూడండి. రేకులు తెల్లగా, లోపల పుప్పొడి తిత్తులు నీలంగా, కణుపుకు ఒక్కటే పువ్వు ఉంటే అది మనం రోజూ వాడే మిరప జాతి. మన సన్నాలు, తేజ, వరంగల్ చపాట, కర్ణాటక బ్యాడిగి అన్నీ ఇందులోవే. రేకులు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపులో ఉండి, చిన్న కాయలు ఆకాశం వైపు నిలబడి, పండాక ముచ్చిక (కాయ నెత్తిన ఉండే ఆకుపచ్చ టోపీ) నుంచి ఇట్టే ఊడివస్తే అది వేరే జాతి. కాయ పైకి చూస్తోందని మాత్రమే తేల్చేయకండి, మన జాతిలోనూ అలాంటి రకాలున్నాయి. కణుపుకు రెండు మూడు పువ్వులు వచ్చి, ముచ్చిక తొడిమతో కలిసే చోట నొక్కినట్టు సన్నని గీత ఉంటే నాగా మిర్చి వైపు జాతి అనుకోవచ్చు. 2007లో, అప్పటికి ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా గిన్నిస్ రికార్డుకెక్కిన భూత్ జొలోకియా ఈ కోవలోదే.

రకం పోల్చుకోవడానికి కాయ కావాలి. గుంటూరు సన్నం పొడవుగా, తోలు మందంగా ఉంటుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 అనే రకం ఈ తీరుదే. తేజ సన్నగా, పొట్టిగా ఉంటుంది, కారం ఎక్కువ. చపాట టమాటాలా గుండ్రంగా, ముదురు ఎరుపులో, తక్కువ కారంతో ఉంటుంది. బ్యాడిగి తోలు మీద ముడతలుంటాయి, రంగుకు పేరు. తేజ అన్న పేరుతో అదే తీరు కాయ కాసే హైబ్రిడ్లూ (రెండు వేరు మొక్కలను కలిపి పుట్టించిన విత్తనం) అమ్ముతారు. హైబ్రిడ్ గింజ దాచుకుంటే మరుసటి తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. కొట్లో కొన్న ఎండుమిర్చి గింజతో వచ్చే చిక్కూ ఇదే. మొలవచ్చు, కానీ తల్లి ఏదో మీకు తెలియదు.

ఇక చేతిపని. ఆకుముడత వైరస్ గానీ కాయకుళ్ళు గానీ లేని మొక్కలు నాలుగైదు ఎంచి దారం కట్టండి. ఒకే మొక్క మీద ఆధారపడకండి. మొగ్గలున్న కొమ్మ చూసి, అప్పటికే విచ్చిన పువ్వులు, కట్టిన పిందెలు తుంచేసి, పల్చటి మల్లు గుడ్డ సంచి తొడిగి మూతి కట్టండి. దోమతెర తేనెటీగలను ఆపుతుంది గానీ పూలలో తిరిగే సన్నని తామర పురుగులు దూరిపోతాయి, అందుకే గుడ్డే మేలు. రోజూ పొద్దున కొమ్మను మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి కాయ బాగా పడుతుంది. నాలుగైదు పిందెలు కట్టాక సంచి తీసి, ఆ పిందెల తొడిమకు రంగు దారం చుట్టండి. ఆ దారం లేని కాయ విత్తనానికి పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

కాయ చెట్టు మీదే పూర్తిగా ఎర్రబడి, తోలు కాస్త వడలే దాకా ఆగండి. నిలువుగా చీల్చి, గింజలు అంటుకున్న తెల్లటి పొర నుంచి వాటిని విడదీయండి. ఘాటు పుట్టేది ఆ పొరలోనే, గింజకు అంటినదే దాని కారం. చేతికి తొడుగు వేసుకోండి. లేత పసుపు రంగు గింజలు ఉంచి, గోధుమ రంగు మచ్చలున్నవి పారేయండి. కాయకుళ్ళు గింజ ద్వారా కూడా వస్తుంది. నీళ్లలో వేసి తేలినవి పారేసే పద్ధతి మిరపకు నమ్మదగ్గది కాదు, మంచి గింజ కూడా తేలుతుంది.

ఎండలో, డాబా మీద వేడి గచ్చుపై ఆరబెట్టకండి. నీడన, గాలి తగిలేలా పళ్లెంలో పల్చగా పరిచి రోజూ కలపండి. వంచితే వంగక ఫట్టున విరిగినప్పుడు ఆరినట్టు. విత్తన ప్రమాణాల్లో తేమ 8 శాతం మించకూడదంటారు, మనకు ఆ విరుపే కొలత. గాలి చొరని సీసాలో పోసి, రకం పేరు, మొక్క గుర్తు, తీసిన నెల రాసిన చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి.

వచ్చే పాఠం విత్తన శుద్ధి, అంటే విత్తే ముందు గింజకు మందు పట్టించడం. దానికి లీటరు నీటికి 150 గ్రాముల చొప్పున కలపడానికి ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ అనే రసాయనం తెచ్చి ఉంచండి. ఈలోగా 50 గింజలు తడి గుడ్డలో చుట్టి వెచ్చటి చోట పెట్టి రెండు వారాల్లో ఎన్ని మొలిచాయో రాసి పెట్టుకోండి. ప్రమాణం ప్రకారం కనీసం 60 శాతం, అంటే 30 మొలకలు రావాలి. అంతకు తగ్గితే నారుమడిలో గింజ ఎంత పెంచాలో ఆ లెక్కతోనే వచ్చే పాఠంలో చూద్దాం.