వీధికుక్కకు మర్మాంగం దగ్గర గడ్డ కనిపిస్తే ఆపరేషన్‌కు తొందరపడకండి

మీరు అన్నం పెట్టే వీధికుక్కకు మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లాంటి గడ్డ వచ్చి రక్తం చుక్కలుగా కారుతుంటే, అది టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) కావచ్చు. జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్ ఇది. పేరు విని టెన్షన్ పడకండి, మందుకు బాగా లొంగే రకం. కోసి తీసేస్తే మళ్లీ రావచ్చు. ముందు కణాల పరీక్ష చేయించండి. అదేనని తేలితే వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్ నరంలోకి. చాలా కుక్కలకు 4 నుంచి 6 డోసులు సరిపోతాయి. రెండు డోసులకే గడ్డ తగ్గిందని మానేస్తారు చాలామంది, అసలు చిక్కు అక్కడే. ఈ మందుతో తెల్ల రక్తకణాలు పడిపోతాయి కాబట్టి ప్రతి డోసుకు ముందు రక్తపరీక్ష అడగండి. మందు నరం బయటికి జారితే ఆ చోట కండ పాడవుతుంది, చేయి తిరిగిన పశువుల డాక్టర్‌ చేతే వేయించండి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు కుక్క మలమూత్రాలు గ్లవ్స్‌తోనే ఎత్తాలి. గర్భిణులకు ఆ పని అసలు వద్దు.