సుత్తి, మేకులతో బల్ల – 3వ పాఠం: కాళ్ల చట్రం

పోయినసారి పైన్ పలకలు కోసి పెట్టుకున్నాం. ఇవాళ బల్లకు ఒక పక్క చట్రం బిగిద్దాం. పద్ధతి ఇటలీ డిజైనర్ ఎంజో మారిది. 1974లో ఆయన 19 ఫర్నిచర్ నమూనాల గీతలు బయటపెట్టి, తపాలా ఖర్చు పంపినవారికల్లా ఇచ్చారు. ఫ్యాక్టరీలు, వ్యాపారులు తప్ప ఎవరైనా చేసుకోవచ్చన్నారు. కింది కొలతలు మాత్రం మనం సాధన కోసం వేసుకున్నవి.

కావలసినవి: 10 సెం.మీ. వెడల్పు, 2.5 సెం.మీ. మందం పలకలు. కాళ్లకు 72 సెం.మీ.వి రెండు, అడ్డబద్దలకు 60 సెం.మీ.వి రెండు, ఐమూల బద్దకు మీటరు ముక్క ఒకటి. మేకులు 45 మి.మీ.వి. రెండు పలకలు కలిస్తే 50 మి.మీ. కాబట్టి మొన అవతలికి రాదు.

కాళ్లను నేల మీద పరిచి, ఒక అడ్డబద్దను పై అంచుకు సమంగా, రెండోదాన్ని కింది నుంచి 12 సెం.మీ. ఎత్తున పెట్టండి. మూలకు ఒక్క మేకే కొట్టండి. తొందరపడి రెండోది కొట్టారో, చట్రం వంకరగానే బిగుసుకుపోతుంది. ఒక్క మేకుంటే మూల మడతబందులా తిరుగుతుంది, మనకు కావలసిందీ అదే. ఇప్పుడు కాళ్ల బయటి మూలల మధ్య ఐమూలగా టేపు పట్టండి. రెండు వైపులా 93.7 సెం.మీ. రావాలి. ఒకటి ఎక్కువొస్తే ఆ రెండు మూలలనూ లోపలికి నెట్టండి. సమానమయ్యాక రెండో మేకు.

పలక చీలేది ఎక్కువగా ఇక్కడే. వాడి మొన నారను పక్కలకు నెట్టి చీలుస్తుంది. మేకును తలకిందులుగా పట్టి మొన మీద సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. మొద్దు మొన నారను నలిపి దారి చేసుకుంటుంది. పలక చివరి నుంచి 3 సెం.మీ. వదలండి. రెండు మేకులూ ఒకే నార గీత మీద పడకూడదు. టేకు, మద్ది లాంటి గట్టి చెక్కకు ఈ చిట్కా చాలదు, ముందు బర్మాతో సన్న రంధ్రం వేయాల్సిందే.

చట్రాన్ని తిరగేయండి. ఎడమ కాలి పైమూల నుంచి కుడి కాలి కిందిమూలకు మీటరు ముక్కను పరిచి, బయటికి వచ్చిన కొసలను పెన్సిలుతో గీసి కోయండి. ఒక్కో కొసకు రెండేసి మేకులు. పైమూలలో ముందటి మేకుల చోటు తప్పించి కొట్టండి, లేకపోతే కాలి మధ్యలో ఇనుము ఇనుమును తాకి మేకు వంగుతుంది.

చట్రాన్ని నిలబెట్టి పైమూలను పక్కకు నెట్టి చూడండి. కిర్రుమంటే ఐమూల బద్ద మేకులు వదులైనట్టు. ఇలాంటిదే ఇంకోటి చేసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో రెంటినీ నిలువు పట్టీలతో కలుపుదాం.